కొట్టేసినా చదవడానికి రావాలి

మా తాతయ్య కరణం. గుంటూరు జిల్లాలో మా ఊరి లెక్కలన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. అడంగళ్లు, శిస్తు లెక్కలు, పొలాల పటాలు అన్నీ ఎర్ర గుడ్డలో మూట కట్టి, మధ్యలో వస కొమ్ములు పెట్టి, చెక్క బీరువాలో దాచేవారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసినప్పుడు ఆ మూటలన్నీ అప్పగించి వచ్చారు. నాకు అప్పుడు ఆరేళ్లు. ఖాళీ బీరువా తలుపు తీస్తే వచ్చే వస వాసన ఇప్పటికీ గుర్తుంది.

కొన్నాళ్ల కిందట ఉద్యోగం పని మీద కొరియాలోని సువాన్‌లో ఉన్నాను. ఒక ఆదివారం బస్సెక్కి జొంజు అనే ఊరు వెళ్లాను. కొరియాను ఏలిన జోసన్ వంశాన్ని స్థాపించిన రాజు చిత్రపటం ఉన్న గుడి అక్కడుంది. ఆ ఆవరణలో వెదురు తోపు పక్కన, నేలకు బాగా ఎత్తుగా స్తంభాల మీద నిలబెట్టిన ఒక గది కనిపిస్తుంది. మన ఊళ్లలో ధాన్యపు కొట్టు గుర్తొస్తుంది చూస్తే. రాజుల చరిత్ర దాచిన భాండాగారం అది. ఇప్పుడున్నది తర్వాత మళ్లీ కట్టినది. ఆ పుస్తకాల్ని ఎలా దాచేవారో చదివాక కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఎర్ర గుడ్డలో చుట్టేవారట. పురుగు పట్టకుండా మధ్యలో ఎండు మూలికల పొడి వేసేవారట. ఆ మూలికల్లో ఒకటి మన వస జాతి మొక్కే.

అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. దొరికిందల్లా చదివాను. చదివిన కొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. రికార్డుకు చెదలు, నిప్పు, వాన శత్రువులే. అన్నిటికన్నా పెద్ద శత్రువు, ఆ రికార్డులో ఎవరి గురించి రాశారో ఆ మనిషి చెయ్యి. ఆ చేతికి అందకుండా దాచగలిగితేనే అది రికార్డు. అందితే ఎంత అందమైన గ్రంథాలయమైనా ఆ మనిషి సొంత ఆల్బమ్ అయిపోతుంది. తూర్పు ఆసియాలో రెండు వేల ఏళ్ల పాటు ఈ పోరాటం నడిచింది. చైనా చక్రవర్తులు చాలాసార్లు గెలిచారు. కొరియా రాజులు చాలాసార్లు ఓడిపోయారు. అందుకే జోసన్ కాలం గురించి ఈ రోజు అంత తెలుస్తోందని నేను నమ్ముతున్నాను.

ముందు కొరియా సంగతి చెబుతాను, ఎందుకంటే నాకు ఎక్కువ ఇష్టం అదే.

జోసన్ రాజ్యం 1392లో మొదలైంది. రాజు కొలువులో ఎనిమిది మంది యువ చరిత్రకారులు ఉండేవారు. హోదాలో చాలా కిందివాళ్లు. రాజ్యంలో తొమ్మిది అంతస్తుల ఉద్యోగాలుంటే వీళ్లవి ఏడు నుంచి తొమ్మిది లోపే. కానీ రాజు ఎవరితో మాట్లాడినా పక్కన కూర్చుని రాసుకునే హక్కు వాళ్లకుంది. రాసిన చిత్తు ప్రతిని 'సాచో' అంటారు. ఒక ప్రతి చరిత్ర కార్యాలయానికి ఇచ్చేవారు. ఇంకొకటి, సొంత వ్యాఖ్యలతో కలిపి, ఇంట్లోనే దాచుకునేవారు. రాజు బతికున్నన్నాళ్లూ ఆ చిత్తులు ఎవరూ చూడకూడదు. రాజు పోయాక ఒక ప్రత్యేక కచేరీ ఏర్పాటు చేసి, ఇళ్లలో ఉన్న చిత్తుల్ని కూడా తెప్పించి, మూడుసార్లు తిరగరాసి ఆ రాజు కాలపు 'సిల్లోక్' తయారుచేసేవారు. సిల్లోక్ అంటే నిజమైన నమోదు అని అర్థం. అది పూర్తయ్యాక చిత్తుల్ని సియోల్ శివార్లలో సెగొమ్‌జొంగ్ దగ్గర వాగులో కడిగేసేవారు. సిరా పోయిన కాగితం పక్కనే ఉన్న కాగితపు కార్ఖానాకు వెళ్లేది. ఎవరు ఏ మాట రాశారో బయటపడకుండా అదో రక్షణ.

కొత్త రాజుకు కూడా తండ్రి సిల్లోక్ చూసే అధికారం లేదు. పూర్వం ఏదైనా విషయంలో ఎలా చేశారో తెలుసుకోవాలంటే చరిత్రకారుణ్ణి పంపి, ఆ ముక్క వరకే రాయించి తెప్పించుకోవాలి.

ఇది కాగితం మీద అందంగానే ఉంటుంది. నిజంగా నడిచిందా? నడిచిందని చెప్పడానికి మూడో రాజు తేజొంగ్ కథ చాలు. అన్నదమ్ముల్ని చంపి సింహాసనం ఎక్కిన మనిషి. 1404లో ఒక రోజు వేటలో జింకను తరుముతుంటే గుర్రం తూలి కింద పడ్డాడు. దెబ్బ తగల్లేదు. లేచి అటూ ఇటూ చూసి, ఈ సంగతి చరిత్రకారుడికి తెలియనివ్వకండి అన్నాడు. ఆ మాటతో సహా సిల్లోక్‌లో ఉంది. ఆరు వందల ఏళ్ల తర్వాత, ఏ సంబంధమూ లేని తెలుగువాణ్ణి, నేను చదివాను.

ఆ కథ చెప్పుకుని నవ్వుకునేవాళ్లు చాలామంది. నాకు మాత్రం దాని వెనకున్న ఇంకో సంఘటన ముఖ్యం. 1401లో మిన్ ఇన్‌సెంగ్ అనే చరిత్రకారుడు రాజు ఆంతరంగిక మందిరంలోకి కూడా వస్తానని పట్టుబట్టాడు. ఇది నేను విశ్రాంతి తీసుకునే చోటు, ఇక్కడికి రావద్దు అన్నాడు రాజు. నేను ఉన్నది ఉన్నట్టు రాయకపోతే నా పైన ఆకాశం ఉంది అని జవాబిచ్చాడు ఆ కుర్రాడు. ఆ తర్వాత తెర తొలగించి తొంగిచూశాడని ప్రవాసం పంపించారు. ఊరికే వచ్చిన హక్కు కాదది. ఎవరో ఒకరు శిక్ష పడినా వెనక్కి తగ్గకపోతేనే తర్వాతివాడికి కూర్చోవడానికి చోటు దొరికింది.

తేజొంగ్ కొడుకు సేజొంగ్. కొరియా లిపిని తయారుచేయించిన రాజు, ఆ దేశం ఈనాటికీ చేతులు జోడించే రాజు. ఆయనక్కూడా తండ్రి గురించి ఏం రాశారో చూడాలని కోరిక పుట్టింది. 1431లో అడిగాడు. మంత్రి మెంగ్ సాసొంగ్ ఒప్పుకోలేదు. మీరు చూస్తే తర్వాతి రాజులూ చూస్తారు, మార్చమంటారు, రాసేవాళ్లు భయపడతారు అన్నాడు. 1438లో మళ్లీ అడిగాడు. మళ్లీ వద్దన్నారు. మంచి రాజు కాబట్టి మినహాయింపు ఇద్దామని ఎవరూ అనలేదు. నాకు ఇక్కడే ఆ ఏర్పాటు మీద గౌరవం కలుగుతుంది. చెడ్డవాణ్ణి ఆపడానికి పెట్టిన గడియ మంచివాడి కోసం తీస్తే, తర్వాత ఎవరొచ్చినా తెరిచే ఉంటుంది.

ఆ గడియ విరిగిన రోజు కూడా వచ్చింది. 1498లో యోన్‌సాన్ అనే రాజు తన తండ్రి కాలపు సిల్లోక్ తయారవుతుండగా కిమ్ ఇల్‌సొన్ అనే చరిత్రకారుడి చిత్తుల్లోని భాగాలు బయటికి తెప్పించి చదివాడు. తన ముత్తాత సేజో, సొంత అన్న కొడుకును దించి గద్దెనెక్కిన సంగతిని ఎత్తిపొడిచే రచన ఒకటి అందులో ఉంది. కిమ్ ఇల్‌సొన్‌ను చంపించాడు. ఆ రచన చేసిన గురువు అప్పటికే చనిపోతే, సమాధి తవ్వించి శవాన్ని శిక్షించాడు. రాజు భయపడేది చరిత్ర ఒక్కదానికే అని యోన్‌సాన్ అన్నట్టు రికార్డులో ఉంది. 1506లో అతన్ని గద్దె దించారు. అతని కాలపు గ్రంథానికి సిల్లోక్ అనే పేరు కూడా దక్కలేదు. 'దినచర్య' అని మాత్రమే రాశారు.

అంతకు ముందే, 1469లో, ఇంకో రకం దెబ్బ తగిలింది. చిత్తుల మీద రాసినవాళ్ల పేర్లు ఉండాలని ఆ ఏడాది నిబంధన పెట్టారు. మిన్ సు అనే చరిత్రకారుడు తను పెద్దవాళ్ల గురించి రాసిన మాటలకు భయపడి, ఇచ్చేసిన చిత్తును రహస్యంగా వెనక్కి తెప్పించుకుని మార్చాడు. దొరికిపోయాడు. అతను పిరికివాడని తిట్టుకోవడం తేలికే. పేరు బయటపెడతాం, అయినా నిజం రాయి అని ఒక చిన్న ఉద్యోగిని అడిగితే ఏమవుతుందో నాకు మా తాతయ్య తర్వాతి రోజుల్లో కనిపించింది. ఆ సంగతి చివర చెబుతాను.

ఇప్పుడు చైనా. చరిత్రకారుడి ధైర్యం అనే మాట పుట్టిందే అక్కడ. క్రీస్తు పూర్వం 548లో చీ రాజ్యంలో త్స్వేయ్ జూ అనే మంత్రి రాజును చంపించాడు. ఆస్థాన చరిత్రకారుడు 'త్స్వేయ్ జూ తన రాజును హత్య చేశాడు' అని రాశాడు. మంత్రి అతన్ని చంపాడు. తమ్ముడు వచ్చి అదే రాశాడు, అతన్నీ చంపాడు. ఇంకో తమ్ముడు రాశాడు, అతన్నీ చంపాడు. ఆ తర్వాతి తమ్ముడు వచ్చి మళ్లీ అదే రాశాడు. మంత్రి వదిలేశాడు. ఈలోగా అందరూ చచ్చిపోయారని విని దక్షిణం నుంచి ఇంకో చరిత్రకారుడు రాత పలకలు పట్టుకుని బయల్దేరాడు. రాత పూర్తయిందని దారిలో తెలిసి వెనక్కి వెళ్లిపోయాడు. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అదే దేశంలో పన్నెండు వందల ఏళ్ల తర్వాత తాంగ్ చక్రవర్తి తాయ్‌జొంగ్ తన దినచర్య రాసే చు స్వీలియాంగ్‌ను, నువ్వు రాసేది నేను చూడొచ్చా అని అడిగాడు. ఏ రాజూ చూసినట్టు వినలేదు అన్నాడు అతను. నేను తప్పు చేస్తే అదీ రాస్తావా అంటే, రాయడమే నా పని, రాయకుండా ఉండలేను అన్నాడు. అంతవరకూ కొరియా కథలాగే ఉంది. కానీ తాయ్‌జొంగ్ ఆగలేదు. 643లో ప్రధానమంత్రి ఫాంగ్ శ్వాన్‌లింగ్ చేత తన తండ్రి కాలం, తన కాలం చరిత్రలను తయారుచేయించి తెప్పించుకుని చదివాడు. తను 626లో అన్నదమ్ముల్ని చంపించిన రోజు గురించి అందులో నీళ్లు నమిలినట్టు రాశారని, దాచకుండా రాయమని ఆజ్ఞ ఇచ్చాడు.

చూడ్డానికి నిజాయితీ లాగే ఉంది. చాలామంది ఆయన్ని మెచ్చుకుంటారు కూడా. నేను మెచ్చుకోలేను. నిజం ఏమిటో ఎలా రాయాలో రాజే చెప్పాక, అది రాజు చెప్పిన నిజమే అవుతుంది. తాను చేసింది రాజ్యాన్ని కాపాడటానికే అన్న కోణంలోనే రాయమన్నాడాయన. ఆ తలుపు ఒకసారి తెరుచుకున్నాక తర్వాతి చక్రవర్తులకు అడ్డు చెప్పడానికి మాట మిగల్లేదు. సేజొంగ్‌కు మంత్రులు చెప్పిన భయం ఇదే.

భవనాలు కట్టడంలో మాత్రం చైనావాళ్లను మించినవాళ్లు లేరు. బీజింగ్‌లో రాజప్రాసాదానికి ఆగ్నేయంగా మింగ్ చక్రవర్తి 1534లో మొదలుపెట్టి 1536కల్లా ఒక దస్తావేజుల భవనం కట్టించాడు. పేరు హ్వాంగ్‌షిచెంగ్. గోడలు, పైకప్పు అన్నీ ఇటుక, రాయి. నిప్పు అంటుకోవడానికి లోపల దూలం కూడా లేదు. కర్పూర చెక్క పెట్టెలకు బంగారు పూత పూసిన రాగి రేకు తొడిగి, వాటిలో పుస్తకాలు పెట్టారు. ఆ భవనం ఇంకా నిలబడే ఉంది.

పుస్తకాల లెక్కకూ హద్దు లేదు. యోంగ్‌లె చక్రవర్తి 1403 నుంచి 1408 వరకు రెండు వేల మందికి పైగా పండితుల్ని కూర్చోబెట్టి 11,095 సంపుటాల విజ్ఞాన సర్వస్వం రాయించాడు. అది ఒక్కటే ప్రతి. 1562లో మొదలుపెట్టి రెండో ప్రతి రాయించారు. మొదటిది ఏమైందో జాడ లేదు. రెండోదాన్ని దొంగతనాలు సగం తిన్నాయి, 1900లో బీజింగ్‌లో యుద్ధం జరిగినప్పుడు నిప్పు ఇంకొంత తిన్నది. ఈ రోజు ప్రపంచమంతా కలిపి దాదాపు నాలుగు వందల సంపుటాలున్నాయి. పదకొండు వేలలో నాలుగు వందలు.

ఇక చియాన్‌లాంగ్ చక్రవర్తి. 1770ల్లో దేశంలోని పుస్తకాలన్నీ తెప్పించి సుకు చ్వాన్‌షూ అనే మహా సంకలనం మొదలుపెట్టాడు. దాదాపు మూడున్నర వేల గ్రంథాలు, ముప్పై ఆరు వేలకు పైగా సంపుటాలు. చేత్తో ఏడు ప్రతులు రాయించి ఏడు చోట్ల పెట్టాడు. ఉత్తరాన నాలుగు, దక్షిణాన యాంగ్ఝౌ, ఝెన్‌జియాంగ్, హాంగ్ఝౌలలో మూడు. దక్షిణపు మూడింటినీ పండితులు చదువుకోవచ్చు, రాసుకోవచ్చు. ఇంత గొప్ప పని చరిత్రలో అరుదు, ఒప్పుకుంటాను.

కానీ ఆ పుస్తకాలు తెప్పించిన చేత్తోనే, తన మంచూ జాతి పాలకుల్ని కించపరుస్తున్నాయని తోచిన వాటిని ఏరి తగలబెట్టించాడు. రెండు వేలకు పైగా గ్రంథాలు నిషేధంలో పోయాయి. మిగిలిన వాటిలోనూ తమ జాతిని తక్కువ చేసే మాటల్ని మార్చి రాయించారు. మీ ఇంట్లో ఉన్న అరుదైన పుస్తకం ఇవ్వండి, నకలు రాసి తిరిగిస్తాం అని రాజు అడిగితే ఎవరు కాదంటారు? తెచ్చి ఇచ్చారు. ఏ పుస్తకం ఎక్కడుందో అంతవరకూ రాజుకు తెలియదు. గ్రంథాలయం కట్టే పేరుతో తెలిసింది. అందుకే ఒక ప్రభుత్వం రికార్డులన్నీ ఒకచోటికి చేరుస్తోందంటే నాకు మొదట సంతోషం, వెంటనే టెన్షన్ కూడా వస్తుంది.

ఆ ఏడు ప్రతుల్లో మూడు పూర్తిగా కాలిపోయాయి. యాంగ్ఝౌ, ఝెన్‌జియాంగ్ ప్రతులు తైపింగ్ తిరుగుబాటులో, బీజింగ్ దగ్గరి యువాన్‌మింగ్ రాజోద్యానంలోది 1860లో. హాంగ్ఝౌ ప్రతి మాత్రం పావు వంతు బతికింది. 1861లో ఊరు తిరుగుబాటుదారుల చేతికి చిక్కినప్పుడు డింగ్ షెన్, డింగ్ బింగ్ అనే అన్నదమ్ములు బజారులో ఏదో కొంటే, పొట్లం కట్టిన కాగితం రాజముద్ర ఉన్న పుస్తకంలోదని గుర్తుపట్టారు. మనుషుల్ని పెట్టుకుని, రాత్రిళ్లు తిరిగి, ఎనిమిది వేలకు పైగా సంపుటాలు పోగుచేశారు. తర్వాత 1880ల్లో పోయినవాటికి ఊరూరా నకళ్లు వెతికించి రాయించారు. ఆ పుస్తకాలు పోగుచేయమని వాళ్లకు ఎవరూ అప్పగించలేదు.

కొరియాలోనూ అంతే. 1592లో జపాన్ సైన్యం దిగినప్పుడు సిల్లోక్ నాలుగు ప్రతులు నాలుగు ఊళ్లలో ఉండేవి. సియోల్, చుంగ్జు, సొంగ్జు ప్రతులు కాలిపోయాయి. జొంజులో మాత్రమే మిగిలింది. అక్కడి చిన్న ఉద్యోగి ఒకాయన ప్రతిని తరలించాలని తలపెట్టాడు, మోసేవాళ్లు కావాలి. పక్క ఊరి పండితులు ఇద్దరు ముందుకొచ్చారు. ఆన్ ఉయికి 64 ఏళ్లు, సొన్ హొంగ్‌నోక్‌కు 56. ఉద్యోగులు కారు. సొంత ఖర్చుతో మనుషుల్ని పెట్టి నేజాంగ్ కొండ మీది ఆశ్రమానికి మోయించారు. మొదటి రాజు నుంచి పదమూడో రాజు వరకు దాదాపు నూట డెబ్భై ఐదేళ్ల చరిత్ర అది, ప్రపంచంలో అదొక్కటే ప్రతి. అక్కడ వంతులేసుకుని కాపలా కాశారు. ఎవరు ఏ రోజు కాశారో వాళ్లు రాసుకున్న లెక్క ఇప్పటికీ ఉంది. ఆన్ ఉయి ఒక్కడే 174 రోజులు, సొన్ హొంగ్‌నోక్ ఒక్కడే 143 రోజులు, ఇద్దరూ కలిసి 53 రోజులు. మొత్తం 370. ఆన్ ఉయి 1596లో చనిపోయాడు. యుద్ధం ముగియడం చూడలేదు.

రాసిన చరిత్రను కాపాడినవాళ్లు కూడా తాము కాపాడిన లెక్క రాసుకున్నారు. ఆ మనస్తత్వం నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

యుద్ధం అయ్యాక, 1603 నుంచి 1606 వరకు, దేశం ఇంకా కోలుకోకముందే జోసన్ ప్రభుత్వం ఆ ఒక్క ప్రతి నుంచి మళ్లీ మూడు ప్రతులు అచ్చు వేయించింది. పాతది, కొత్తవి మూడు, అచ్చు దిద్దుకోవడానికి వాడిన ప్రతి, మొత్తం ఐదు. ఊళ్లలో పెడితే కాలిపోతాయని ఈసారి ఒక్కటి మాత్రం రాజధానిలో ఉంచి, మిగతావి కొండల మీదికీ దీవికీ పంపారు. దగ్గర్లోని బౌద్ధ ఆలయాల సన్యాసులు కాపలా. రెండు మూడేళ్లకోసారి రాజధాని నుంచి చరిత్రకారుడు వెళ్లి పెట్టె తెరిచి, పుస్తకాలు ఎండబెట్టి, మళ్లీ మూత వేసేవాడు. అతను లేకుండా ఆ ప్రాంతపు అధికారికి కూడా తాళం తీసే హక్కు లేదు. సియోల్‌లో పెట్టిన ప్రతి 1624 తిరుగుబాటులో కాలిపోయింది. రాజు పక్కనున్నదే ముందు పోయింది. ఓదే కొండకు పంపింది ఎర్ర సిరా దిద్దుబాట్లున్న ఆ అచ్చు ప్రతే. జపాన్ వలస పాలనలో, 1913లో, దాన్ని టోక్యో విశ్వవిద్యాలయానికి ఎత్తుకెళ్లారు. 1923 భూకంపంలో కాలిపోయింది, ఎవరో చదువుకోవడానికి బయటికి తీసుకెళ్లిన డెబ్భైకి పైగా సంపుటాలు తప్ప. వాటిలో 47 సంపుటాలు 2006లో కొరియాకు తిరిగొచ్చాయి.

ఇక్కడ నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. సిల్లోక్ రాజుకు అందకపోతే సరే, ప్రజలకు మాత్రం అందిందా? అందలేదు. రాసినవాళ్లు ఉన్నత కులాల మగవాళ్లు. బానిసలు, ఆడవాళ్లు అందులో ఎక్కువగా నేరం చేసినప్పుడో నేరం జరిగినప్పుడో కనిపిస్తారు. నాలుగు వందల డెబ్భై రెండేళ్ల చరిత్రను కొండ మీద తాళం వేసి పెట్టడం ఏం పారదర్శకత అని ఎవరైనా అడిగితే తప్పు పట్టను. ఇంకోటి, చరిత్రకారులూ పక్షాలు కట్టారు. ఒక ముఠా అధికారంలోకి రాగానే పాత సిల్లోక్ తమకు అన్యాయం చేసిందని, సొంజో రాజు కాలానికి, హ్యొంజొంగ్ రాజు కాలానికి సవరించిన సిల్లోక్‌లు రాయించింది.

కానీ ఆ ముఠాలు పాతవాటిని తగలబెట్టలేదు. కొత్తదీ పాతదీ పక్కపక్కనే పెట్టారు. శత్రువు మీద అంత కసి ఉన్నవాళ్లకు ఆ పని ఎందుకు తోచలేదు? ఇది చైనాలో సుంగ్ అనే రాజవంశం కాలం నుంచి వచ్చిన సంప్రదాయం. షెన్‌జొంగ్ చక్రవర్తి కాలపు చరిత్రను పక్షాలు మారినప్పుడల్లా తిరగరాశారు. చివరికి ఫాన్ చొంగ్ అనే పండితుడు దిద్దినప్పుడు, పాత మాటలు నల్ల సిరాలో, తీసేసినవి పసుపులో, కొత్తగా చేర్చినవి ఎర్రలో చూపించాడు. ఎవరేం మార్చారో చదివేవాడికి కనిపించాలని. ఎరుపు నలుపుల చరిత్ర అని దానికి పేరొచ్చింది. పక్షపాతం లేని చరిత్రకారుడు దొరకడు. తన పక్షపాతం కనిపించేలా వదిలిపెట్టేవాడు దొరికితే చాలంటాను.

రాజు చేతికి అందే రికార్డుకీ అందనిదానికీ తేడా ఎంత పెద్దదో ఒకే రాజు విషయంలో తెలుస్తుంది. 1762లో యొంగ్జో రాజు తన కొడుకు, యువరాజు సాదోను బియ్యపు పెట్టెలో పెట్టి మూసేయించి చంపాడు. సాదో కొడుకు జొంగ్జో 1776లో, తాత చనిపోవడానికి కొద్దిగా ముందు, ఆ సంఘటన గురించి రాజ కార్యదర్శుల దినచర్యలో ఉన్న భాగాల్ని చెరిపేయమని వేడుకున్నాడు. తాత ఒప్పుకున్నాడు. ఆ కాగితాల్ని సెగొమ్‌జొంగ్ దగ్గర వాగులోనే కడిగేశారు. దినచర్య రాజు కచేరీలో, చేతికి అందే దూరంలో ఉంటుంది. అందుకే కడగగలిగారు. అదే సంఘటన తర్వాత తయారైన యొంగ్జో సిల్లోక్‌లో మాత్రం నిలిచింది. తండ్రిని అలా పోగొట్టుకున్న పిల్లవాడి బాధ నాకు అర్థమవుతుంది, అతను చెడ్డవాడని చెప్పలేను. అదే ఏడాది గద్దెనెక్కి క్యుజాంగ్గక్ అనే గొప్ప రాజ గ్రంథాలయం స్థాపించింది కూడా అతనే. పుస్తకాలను అంత ప్రేమించిన మనిషి కూడా ఒక్క చోట కడిగేశాడు. మంచివాడు కదా అని తాళం ఇవ్వకూడదని నేను ఎందుకు అంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అంత కష్టపడి మూసిపెట్టిన సిల్లోక్, చివరికి అందరి కోసం తెరుచుకుంది. 1,893 భాగాలు. కొరియా భాషలోకి అనువాదం 1993లో పూర్తయింది. 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. రాజును ఆపగలిగారు కాబట్టే మనకు దొరికింది. తొందరపడి తెరిచి ఉంటే అందులో రాజును పొగిడే మాటలు తప్ప ఇంకేం ఉండేవి?

ఇక తాతయ్య సంగతి. కరణాలు అంత మంచివాళ్లేం కాదు, ఊరి లెక్కలు గుప్పిట్లో పెట్టుకుని పేదవాళ్లను ఏడిపించినవాళ్లు ఎందరో. ఆ పదవి పోవడం అన్యాయమని నేను అనను. రాసేదీ ఆయనే, దాచేదీ ఆయనే, లాభపడగలిగేదీ ఆయనే అయితే ఏ రికార్డుకైనా ప్రమాదమే. అయితే తాతయ్య ఒక నియమం పాటించేవారు. పేరు మార్చాల్సి వస్తే పాత పేరు మీద ఒకే ఒక్క గీత గీసి, పైన కొత్త పేరు రాసి, తేదీ వేసి, పక్కన సంతకం పెట్టేవారు. పాత పేరు గోకడం, సిరాతో పూయడం చేయనిచ్చేవారు కాదు. 'కొట్టేసినా చదవడానికి రావాలిరా' అనేవారు మా నాన్నతో.

తొంభైల్లో మా పొరుగు రైతు ఒకాయన తన ఎకరం ఇరవై సెంట్లు వేరే పేరు మీద చూపిస్తున్న నకలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. 'పంతులుగారూ, మీ చేత్తో రాసిన పొలమే కదండీ' అన్నాడు. తాతయ్య ఆయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లారు. ఆ సంవత్సరపు అడంగల్ లేదన్నారు. చెదలు తినేశాయన్నారు. అక్కడ పనిచేసే చిన్న ఉద్యోగి ఒకరు బయటికి వచ్చి, నాకు తెలుసండీ కానీ నా పేరు బయటికి వస్తే నా ఉద్యోగం పోతుంది అని మెల్లగా చెప్పాడట. మిన్ సు గురించి చదివినప్పుడు నాకు ఆ ఉద్యోగే గుర్తొచ్చాడు. ఆ రైతు చివరికి సగం భూమికి రాజీ పడ్డాడు.

మన భూముల లెక్కలిప్పుడు కంప్యూటర్లలో ఉన్నాయి. దానికి నేను వ్యతిరేకిని కాను. కానీ పేరు మారినప్పుడు పాత పేరు ఏమిటి, ఎవరు మార్చారు, ఏ రోజు, ఏ కాగితం ఆధారంగా మార్చారు అన్నవి ఆ రైతు ఫోన్‌లోనే కనిపించాలి. మార్చే అధికారి చేతికి అందని ఇంకో ప్రతి ఇంకెక్కడో ఉండాలి. సుంగ్ పండితుడు మూడు రంగుల సిరాతో చేసిన పనిని మన కంప్యూటర్లు చేయలేవా?

తాతయ్య పోయిన చాలా ఏళ్లకు, కిందటి సంక్రాంతికి ఇల్లు బాగుచేయిస్తుంటే అటక మీద ఒక రేకు పెట్టె దొరికింది. అందులో ఐదు నోట్‌బుక్కులు. అప్పగించిన అడంగళ్లకు ఆయన సొంతంగా రాసుకున్న చిట్టాలు. కొరియా చరిత్రకారులు ఇంట్లో దాచుకున్న చిత్తుల్లాంటివే. పేజీ పేజీ తిప్పి ఆ రైతు సర్వే నంబరు కోసం వెతికాను. ఆ సంవత్సరం అందులో లేదు.

ఇంకో రైతు పొలం దగ్గర మాత్రం ఆ ఒక్క గీత ఉంది. కింద పాత పేరు స్పష్టంగా కనిపిస్తోంది, పక్కన తాతయ్య సంతకం, 1971 తేదీ. అన్ని పేజీలూ ఫోటోలు తీశాను. ఒక ప్రతి తెనాలిలో అక్క దగ్గర, ఒకటి హైదరాబాద్‌లో మా తమ్ముడి దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి. అసలు పుస్తకాల కోసం బజారుకు వెళ్లి రెండు గజాల ఎర్ర గుడ్డ, పావుకిలో వస కొమ్ములు కొన్నాను. మూట నాన్న కట్టారు.